తెర వెనుక వేదిక: ఒక యువ రచయితకు లేఖ

విజయనగరం

చిరంజీవికి, ఆశీస్సులు.

అమెరికాలోని అట్లాంటా నగరంలో ఉన్న ఫాక్స్ థియేటర్ చరిత్ర మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం నీకు లొంగుతోంది, సంతోషం. అయితే సగం వ్యాసాన్ని పైకప్పే మింగేసింది. రాత్రి ఆకాశంలా తీర్చిన ఆ కప్పు, అందులో మిణుకుమనే 96 నక్షత్రాలు, కదిలే మబ్బులు లోపలికి అడుగుపెట్టిన ఎవరికైనా కనిపిస్తాయి. సినిమా హాలుగా తెరుచుకున్న భవనం సంగీత కచేరీలకు నెలవు ఎలా కాగలిగిందన్న ప్రశ్న మాత్రం నీ శీర్షికలోనే ఆగిపోయింది.

దానికి జవాబు తెర వెనుక ఉంది. 1929 డిసెంబరు 25న తలుపులు తెరిచిన నాడు అక్కడ ఒట్టి బొమ్మ ఆడలేదు. మిక్కీ మౌస్ కార్టూనుతో పాటు ఆర్కెస్ట్రా, ఆర్గాన్ వాద్యం, వేదిక మీద నృత్యాలు కూడా ఉన్నాయి. ఆ కాలపు పెద్ద అమెరికన్ సినిమా మహళ్లు చాలావరకు సినిమానూ రంగస్థల ప్రదర్శననూ ఒకే టికెట్టు మీద చూపించేవి కనుక, లోతైన వేదిక, వాద్యబృందం కూర్చునే పల్లం, కళాకారులు వేషం కట్టుకునే గదులు వాటికి పుట్టుకతోనే వచ్చాయి. మన వైపు సినిమా హాళ్లలో చాలాచోట్ల తెర వెనుక గోడ తప్ప మరేమీ ఉండదు. మూతపడితే అవి కల్యాణ మండపాలో గోదాములో అవుతాయి గాని కచేరీ సభలు కావడం అరుదు. ఈ తేడా నీ పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది, మొదటి పేజీలోనే చెప్పు.

ఆర్గాన్‌కు నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. గాలితో పలికే 3,622 గొట్టాలున్న, మోలర్ కంపెనీ తయారుచేసిన ఆ వాద్యం మూకీ చిత్రాల సంప్రదాయానికి చెందినది, వచ్చిందేమో టాకీలు వచ్చేశాక. పాడుబడి ఏళ్లపాటు మూగబోయి, 1960ల ఆరంభంలో మరమ్మతు జరిగాక మళ్లీ పలికింది. 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు మనది, దాని తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఈ ఊరి పాఠకుడికి నాదం గురించి చెప్పేటప్పుడు ‘అద్భుతం’ అన్న ఒక్క మాటతో తప్పించుకోవడం కుదరదు.

డబ్బు సంగతి దాచకు. మొదట అది ష్రైనర్లు అనే, అరబ్బు తరహా వేషాలూ అలంకారాలూ ఇష్టపడే అమెరికన్ సోదర సంఘం తన కోసం తలపెట్టిన భవనం. ఖర్చు చేయి దాటడంతో ప్రేక్షకశాలను విలియం ఫాక్స్ సినిమా సంస్థకు లీజుకు ఇచ్చింది. ఆ గుమ్మటాలూ అరబ్బు తరహా అలంకరణా ఆ సంఘం అభిరుచి నుంచి వచ్చినవే. ప్రారంభానికి రెండు నెలల ముందే అమెరికా షేర్ల మార్కెట్ కుప్పకూలింది, మూడేళ్లు తిరగకుండానే థియేటర్ దివాలా తీసింది. తర్వాత కోలుకుని దశాబ్దాలు నడిచినా, టెలివిజన్ వచ్చి, జనం శివార్లకు తరలి, సినిమా ఆటలు 1975 ఆరంభంలో ఆగిపోయాయి.

నువ్వు అసలు ముట్టుకోని విషయం ఒకటుంది. నల్లజాతి ప్రేక్షకులకు అక్కడ బయటినుంచి వేరే మెట్లు, వేరే టికెట్ కిటికీ, పై గ్యాలరీలో వేరే సీట్లు ఉండేవి. ఆ విభజన 1962 దాకా సాగింది. మన నేల టికెట్టు వాళ్ల వేరే గేటు నీకు గుర్తుకు రావచ్చు, కాని రెండింటినీ ఒకే గాటన కట్టకు. నేల నుంచి బాల్కనీకి వెళ్లాలంటే మన దగ్గర జేబులో డబ్బు చాలేది, అక్కడ ఎంత డబ్బున్నా రంగు అడ్డుపడేది. సుమారు 4,600 సీట్ల వైభవం వర్ణించేటప్పుడు, ఎవరు ఏ తలుపులోంచి వచ్చి ఏ సీటులో కూర్చున్నారో చెప్పని చరిత్రను నేను చరిత్ర అనను.

భవనాన్ని కాపాడిన ఘట్టం బాగా రాశావు, కాస్త కథానాయకుడి ధోరణి తగ్గించు. ఆ స్థలంలో తన కార్యాలయం కట్టాలనుకున్న టెలిఫోన్ కంపెనీని ప్రజల నినాదాలు ఒక్కటే ఆపలేదు. అట్లాంటా ల్యాండ్‌మార్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ భూమి మార్పిడి కుదిర్చి, 18 లక్షల డాలర్ల అప్పు భుజానికెత్తుకుని, 1978లో తీర్చేసింది. అప్పు తీరడానికి సంగీతం కూడా చేయూతనిచ్చింది: లినర్డ్ స్కినర్డ్ రాక్ బృందం 1976 జూలైలో అక్కడ కచేరీలు చేసి రికార్డు కూడా చేసుకుంది. సినిమా మహలు కచేరీ వేదికగా మారిన కథ అసలు ఇక్కడ నడుస్తోంది కనుక, పైకప్పు నుంచి తీసేసిన పేజీలను ఈ రెండు మూడేళ్లకు ఇవ్వు.

ఆ గ్యాలరీ మెట్ల ఫోటో ఏదైనా దొరికితే వ్యాసంతో జతచేయి. పండక్కి ఊరొచ్చేటప్పుడు రెండో ప్రతి వెంట తెచ్చుకో, తేదీలు ఇద్దరం కలిసి సరిచూద్దాం.

ఆశీస్సులతో,
నీ మాస్టారు