కోటలు కాదు, బాకీల లెక్క చూడండి

బట్టలు, మిరియాలు కొనుక్కోడానికి వచ్చిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు రాజ్యాలు ఎలా లాక్కున్నారు, మన రాజులు అంత అమాయకులా అని ఒకరు అడిగారు. అమాయకులేం కాదు. నేను బ్యాంకులో లోన్ రికవరీ చూసేవాడిని, ఆ అలవాటు వల్ల చరిత్రలో ఏ ఒప్పందం కనపడినా ఎవరు ఎవరికి ఎంత కట్టాలి, కట్టకపోతే ఏం పోతుంది అన్న చోటుకే నా కళ్ళు పోతాయి. అలా చదివితే యుద్ధాల కంటే బాకీలే ఎక్కువ కనపడతాయి.

1611లో మచిలీపట్నంలో దిగిన దగ్గర్నుంచి సుమారు 140 ఏళ్ళు వాళ్ళు ప్రధానంగా వ్యాపారులే. మధ్యలో ఔరంగజేబుతో తలపడి, చావుదెబ్బ తిని, లక్షన్నర రూపాయలు జరిమానా కట్టి క్షమాపణ చెప్పుకున్నారు. 1746లో అడయారు దగ్గర కొద్దిపాటి ఫ్రెంచి దళం ఆర్కాటు నవాబు పెద్ద సైన్యాన్ని చెదరగొట్టేసరికి లెక్క మారింది. వారసత్వ తగాదా ఉన్న ప్రతివాడికీ ఆ కవాతు నేర్చిన పటాలాలు కావాల్సి వచ్చాయి, వాటికి అద్దె కట్టాలి, చేతిలో డబ్బు లేదు.

మాది విజయనగరం వైపు. బొబ్బిలి కథ మా దగ్గర పిల్లలకి కూడా తెలుసు, ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్ళిన విజయనగరం రాజు విజయరామరాజుని తాండ్ర పాపారాయుడు చంపాక, గద్దెకెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్ళతో చెడింది. ఆయనే ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు, యుద్ధం ఖర్చు తను పెట్టుకుంటానన్నాడు. బెంగాల్ నుంచి కంపెనీ తరఫున క్లైవు పంపిన సేనాని ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర గెలిచాడు గానీ, రాజు డబ్బు దగ్గర వెనకాడేసరికి సైన్యం వారాల తరబడి కదల్లేదు. అయినా 1759 ఏప్రిల్‌కి ఫ్రెంచివాళ్ళ చేతిలోని బందరు కోట పట్టుకున్నారు, 1766లో నిజాంకి ఏటా కప్పం కట్టే షరతు మీద ఉత్తర సర్కారులు, అంటే ఉత్తరాన ఉన్న కోస్తా జిల్లాలు రాయించుకున్నారు. 1794కి వచ్చేసరికి పేష్కష్, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయిల గొడవలో అదే కుటుంబానికి చెందిన చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. పిలిచిన ఇంటికే జప్తు నోటీసు వచ్చిందన్నమాట!

బెంగాల్లోనూ ఇంతే. 1757లో ప్లాసీ యుద్ధం గెలిచి కంపెనీ నవాబుగా కూర్చోబెట్టిన మీర్ జాఫర్ ఇస్తానన్న సొమ్ము ఇవ్వలేకపోయాడు, అతన్ని దింపి మీర్ ఖాసింని కూర్చోబెట్టి బర్ద్వాన్, మిడ్నాపూర్, చిట్టగాంగ్ జిల్లాల ఆదాయం తీసుకున్నారు. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర దివానీ, అంటే పన్ను వసూలు హక్కు చేతికొచ్చాక, సరుకు కొనడానికి ఇంగ్లండు నుంచి వెండి తెచ్చే పని దాదాపు తప్పింది. బెంగాల్ రైతు కట్టిన శిస్తుతోనే బెంగాల్ బట్ట కొని లండన్లో అమ్ముకున్నారు. నా దృష్టిలో వ్యాపారి పాలకుడైంది ప్లాసీలో కాదు, ఇక్కడ.

తర్వాత దీన్నే ఒక పద్ధతి చేశారు, సైన్య సహకార ఒప్పందం అని. మా పటాలం మీ ఊళ్ళో ఉంటుంది, జీతం మీరివ్వండి, మమ్మల్ని అడక్కుండా ఇంకొకరితో సంబంధం పెట్టుకోకండి, అంతే. 1798లో నిజాం సంతకం పెట్టాడు, ఏడాదికి 24 లక్షల పైచిలుకు ఖర్చు. 1800లో ఆ జీతాల కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు ఇచ్చేశాడు. దత్తమండలాలు అన్నది వాటినే. తమాషా ఏంటంటే అవి టిప్పు మీద యుద్ధాల్లో నిజాం వాటాకి వచ్చిన భూములే. ఏ యుద్ధమూ లేకుండా చేతులు మారాయి, కంపెనీ అధికారి మన్రో కలెక్టరుగా దిగాడు.

రాజులు ఎందుకు కలవలేదు అంటారా, వాళ్ళకి కంపెనీ చాలాకాలం శత్రువులా కాదు, పక్క రాజు మీదికి దొరికే అద్దె సైన్యంలా కనపడింది. ఆ అద్దె ఆగిపోతే భూమి పోతుందని తెలిసినా ఆపలేని స్థితి, ఎందుకంటే పటాలం వెళ్ళిపోతే గద్దె కూడా పోతుందన్న భయం. 1853లో హైదరాబాద్ కంటింజెంట్, అంటే నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారుల కింద నడిచే సైన్యం, జీతాల బాకీ కింద నిజాం బేరార్‌ని (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భలో ఒక భాగం) అప్పగించాల్సి వచ్చింది. 1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చినా బేరార్ తిరిగి రాలేదు, 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షల కౌలుకి శాశ్వతంగా రాయించుకున్నాడు.