ప్రశ్న: క్రైస్తవ విశ్వాసం వల్ల జీవితంలో తృప్తి, అర్థం నిజంగా దొరుకుతాయా? మీ అనుభవం చెప్పగలరా?

దొరుకుతాయి. కాకపోతే వెతుక్కుంటూ పోయినవాడికి దొరకవు. ఇది నా గట్టి అభిప్రాయం. రుజువులు అడక్కండి, నా దగ్గర ఉన్నది నా బతుకు ఒక్కటే.

మాది గుత్తి. ఉద్యోగం చేసింది గుంతకల్లులో, గూడ్స్ రైలు గార్డుగా. ఆ పోస్టును ఇప్పుడు ట్రెయిన్ మేనేజర్ అంటున్నారు, 2022 జనవరిలో పేరు మార్చారు. మా ఆవిడకు మాత్రం నేను ఇప్పటికీ గార్డునే. పుట్టుకతోనే క్రైస్తవుణ్ణి. లండన్ మిషన్ వాళ్ళు 1810లో బళ్ళారికి, 1822లో కడపకు, ఆ తర్వాత ఎప్పటికో మా గుత్తికి వచ్చారు. మా తాత వాళ్ళ బడిలోనే పలక పట్టాడు. ఆయన్ను పట్టుకుని "నీ జీవితానికి అర్థం ఏంది తాతా" అని అడిగితే నవ్వేవాడేమో. బావి గట్టుకు ఎడంగా నిలబడి, ఎవరన్నా దోసిట్లో పోస్తే తాగిన మనిషి ఆయన. అలాంటివాడు మా చర్చి గుడిలో ముందు వరసలో కూర్చుని, పుస్తకం తెరిచి, తన నోటితో తాను చదివాడు. ఆయనకు అంతకు మించి అర్థం అక్కర్లేకపోయింది.

దానికి మేము చెల్లించిందీ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాకుండా పోతాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరణ చేశారు, మా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మన రాష్ట్రంలో మేము బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. కాగితం మీద కులం మారింది గానీ ఊళ్ళో మా వీధిని పిలిచే పేరు మారలేదు. "మతం మారి బాగా లాభపడ్డారు" అనేవాళ్ళు కనిపిస్తే ఇది చెప్పకుండా ఉండలేను. సరే, మీరడిగింది అది కాదు.

గూడ్స్ గార్డుది ఒంటరి పని. ఇంజను ఎక్కడో ముందు, మనం చివరి డబ్బాలో. ముద్దనూరు దగ్గరో ఎర్రగుంట్ల దగ్గరో బండిని లూపులో, అంటే పక్క లైనులో, పెట్టారంటే ఎప్పుడు కదులుతుందో చెప్పే నాథుడుండడు. ఆ ఖాళీలో బైబిల్ మొత్తం చదివాను, మళ్ళీ మళ్ళీ చదివాను. ప్రసంగి గ్రంథం దగ్గర ప్రతిసారీ ఆగేవాణ్ణి. తోటలు వేయించి, మేడలు కట్టించి, అన్నీ అనుభవించినవాడు చివరికి అంతా వ్యర్థం అని కూర్చుంటాడు. నాకేమో మేడలు లేకుండానే ఆ మాట బాగా నచ్చింది. చదవగా చదవగా జ్ఞానం వచ్చింది, నిద్ర వచ్చింది. అర్థం మాత్రం రాలేదు.

రిటైరయ్యాక ఇంకా ఘోరం. తెల్లారుజామున రెండింటికి మెలకువ వచ్చేది, డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు తడతాడేమో అన్నట్టు. ఎవరూ తట్టరు. ఇక టీవీ ముందు కూర్చుని ప్రసంగాలు విన్నాను, మహాసభలకు పోయాను. అక్కడ దేవుడు తమకు చేసిన మేలు మైకులో చెప్పే సాక్ష్యాలు వింటే ఒళ్ళు మండేది. సాక్ష్యం అంటే ఇప్పుడు ఏమిటి? అబ్బాయికి వీసా వచ్చింది, ప్లాటు రిజిస్ట్రేషన్ అయింది, అల్లుడికి జీతం పెరిగింది. అప్పు తీరనివాడు, కూతురికి సంబంధం కుదరనివాడు ఎవడూ మైకు దగ్గరికి రాడు. వాళ్ళకు దేవుడు లేడనా? పైగా నూనె సీసాలు, ప్రార్థించిన కర్చీఫులు. పాటల సంగతి సరేసరి. డోలక్కు, తాళాలు పోయి కీబోర్డు, ప్యాడ్లు వచ్చాక మా ముసలమ్మలు నోరు మూసుకుని కూర్చుంటున్నారు. గుడిలో సగం కీర్తనలు పుస్తకం చూడకుండా పాడగలిగింది వాళ్ళే.

ఇప్పుడు అసలు సంగతి. మా సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల మైత్రి అనే ఆడవాళ్ళ బృందం వాళ్ళు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు పోయి ప్రార్థన చేసి వస్తారు. ఒక వారం ఆటో రాలేదని మా ఆవిడ నన్ను బండి తీయమంది. దించి వచ్చేద్దాం అనుకున్నాను, కానీ ఎండ మండిపోతుంటే నేనూ లోపలికి పోయాను. రైలు కట్ట పక్కనే ఇల్లు. పెద్దాయన పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. వాళ్ళు క్రైస్తవులు కారు, మంచం పైన గోడకు కసాపురం ఆంజనేయస్వామి పటం ఉంది. కోడలే మా వాళ్ళను రమ్మని అడిగిందట. ఒక పాట అయింది. పాస్టరమ్మ వాక్యం చదవడానికి బైబిల్ తెరిచింది. పెద్దాయన ఎడమ చెయ్యి పైకెత్తాడు.

"అమ్మా, మీ ప్రార్థన మీరు చేసుకోండి, నేనొద్దన్ను. చేతనైతే ఎవరన్నా ఈ కాలి గోర్లు తీసిపోండప్పా. దుప్పటికి తగులుకుని సస్తాండా."

ఆడవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత నావైపు చూశారు. అక్కడ మగవాణ్ణి నేనొక్కణ్ణే.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కంకర మీద నడిచిన పాదాలు అవి. మడమలు నెర్రెలిచ్చాయి. గోర్లు పసుపురంగుకు తిరిగి, కొబ్బరి చిప్ప ముక్కల్లా మందంగా ఉన్నాయి. బొటనవేలి గోరు వంకరపోయి పక్క వేలి కండలోకి దిగింది. కోడలు తెచ్చిన నెయిల్ కట్టర్ నోరు ఆ గోరుకు పట్టనే లేదు. వేడినీళ్ళు పెట్టమన్నాను. బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి ఒక్కో కాలూ నానబెట్టాను. ఆమె బట్టలు కుట్టే కత్తెరతో అంచు నుంచి కొంచెం కొంచెంగా కొరుకుతూ వచ్చాను. ఒక ముక్క ఎగిరి నా కళ్ళద్దాలకు టప్పున తగిలింది. పెద్దాయన పకపకా నవ్వాడు. అప్పుడే కట్ట మీద బండి పోయింది. కళ్ళు మూసుకుని, "లోడు బండి" అన్నాడు.

"ఎట్లా తెలుసు?" అన్నాను.

"ఏం గార్డు సారూ, ఖాళీది మోగుతాది, లోడుది మూలుగుతాది. ఇది నేను చెప్పల్లా నీకు?"

పదివేళ్ళూ అయ్యేసరికి గంట దాటింది. పాస్టరమ్మ ఎప్పుడో బైబిల్ పక్కన పెట్టి, నీళ్ళు పారబోసి బకెట్ కడుగుతోంది. ఆ రాత్రి నాకు రెండింటికి మెలకువ రాలేదు.

తర్వాతి వారం ఆటో వచ్చింది, అయినా నేను పోయాను. ఆ వీధిలోనే ఇంకొక ముసలాయన పిలిచాడు, తర్వాత వేరే వీధి. సర్జికల్ షాపులో మందపు గోర్లు కొరకడానికి చిన్న ప్లయర్ దొరుకుతుంది, అది కొనుక్కున్నాను. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం నాకు డ్యూటీ ఉంది. మీరడిగిన అర్థం, తృప్తి అన్నవి ఏమిటో నాకు తెలిసింది ఇంతే.

"ఇది మంచితనం, దీనికి ఏసుక్రీస్తు ఎందుకు" అని కింద ఒకరు రాస్తారని తెలుసు. నా మంచితనం నాకు తెలుసు స్వామీ. అరవై ఏళ్ళు దాన్ని నమ్ముకుని ఉంటే ఆ గడప తొక్కేవాణ్ణి కాదు. గుడ్ ఫ్రైడే ముందు గురువారం కొన్ని గుళ్ళలో అయ్యగారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఆ కాళ్ళు ఇంట్లో సబ్బుతో కడుక్కుని వచ్చినవే. చిన్నప్పటి నుంచి అది చూసి నాటకం అనుకున్నాను. యోహాను సువార్తలో ఏసు శిష్యుల కాళ్ళు కడిగిన పదమూడో అధ్యాయం మళ్ళీ తీసి చదివితే, తనను అప్పగించబోయే యూదా కాళ్ళు కూడా అక్కడే ఉన్నాయి, ఆయన అతన్ని వదిలి కడిగినట్టు ఎక్కడా లేదు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర్లో కూడా నిజమైన భక్తి అంటే ఇబ్బందిలో ఉన్న అనాథలను, విధవరాళ్ళను చూడబోవడం అని తేల్చేశాడు. వీసా మాట లేదు.

ఒక సంఘ పెద్ద నన్ను ప్రతిసారీ అడుగుతాడు, "ఆ గ్యాంగ్‌మన్ రక్షణ పొందాడా? బాప్తిస్మం ఎప్పుడు?" అని. ఆయన దగ్గర ఆత్మల లెక్కకు ఒక నోటుబుక్కు ఉంది. పెద్దాయన ఇప్పటికీ ఆంజనేయస్వామి భక్తుడే. నేను పోతే ముందు కాళ్ళు చాపుతాడు, తర్వాత నా పెన్షన్ ఎంతో అడుగుతాడు. ఒక్కోసారి "మీ దేవునికి నా పేరు చెప్పు" అంటాడు. చెప్తాను.

మా జిల్లావాళ్ళకు ఇది కొత్తగా నేర్పాల్సిన సంగతి కూడా కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ అనే ఫాదర్ 1969లో అనంతపురంలో అడుగుపెట్టాడు. మరుసటి ఏడాదే జెస్యూట్ అనే క్యాథలిక్ గురువుల సభను వదిలేశాడు, పెళ్ళి చేసుకున్నాడు. అయినా 2009లో పోయేదాకా, పోయాక కూడా, జనానికి ఆయన ఫాదరే. ఊళ్ళలో ఇళ్ళు, బడులు, బత్తలపల్లిలో ఆసుపత్రి. దేశంలోనే వాన అతి తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన మా దగ్గర ఆయన పటం చాలా ఇళ్ళలో దేవుళ్ళ పటాల పక్కనే ఉంటుంది. ఆయన ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చాడని లెక్క అడిగిన రైతు నాకింతవరకూ తగల్లేదు.

ఇది చదివి ఎవరన్నా ఈ పనికి దిగాలనుకుంటే రెండు మాటలు. షుగర్ ఉందా అని ముందు అడగండి. ఉంటే గోర్లు ముట్టుకోవద్దు. వాళ్ళలో చాలామందికి పాదంలో స్పర్శ తగ్గిపోతుంది, తెగినా తెలీదు, చిన్న గాటు పుండై వేలు తీసేదాకా పోవచ్చు. వాళ్ళను డాక్టరు దగ్గరికే తీసుకుపోండి. మిగతావాళ్ళకు గోరును తిన్నగా అడ్డంగా కోయండి, మూలలు లోపలికి గుండ్రంగా కోస్తే కండలోకి దిగుతుంది. ఒకరికి వాడిన కత్తెర ఇంకొకరికి వాడేముందు స్పిరిట్‌తో తుడవండి. ప్రార్థన సంగతి ఇంటివాళ్ళను అడగండి, వద్దంటే మనసులో చేసుకోండి.