పుస్తకం చదివి తక్కువ వస్తువులతో, ఒంటరిగా బతకాలని మీకెప్పుడైనా అనిపించిందా?

అనిపించింది. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో రాసిన ‘వాల్డెన్’ చదివాక. అమెరికాలోని కాంకర్డ్ ఊరి దగ్గర, వాల్డెన్ చెరువు ఒడ్డున చిన్న ఇల్లు కట్టుకుని 1845 జులై నుంచి 1847 సెప్టెంబరు దాకా ఒక్కడే ఉన్నాడాయన. పుస్తకం 1854లో వచ్చింది.

చాలామంది ఇందులో చెట్లూ పక్షుల గురించి చెబుతారు. నన్ను పట్టేసింది మాత్రం మొదటి అధ్యాయంలోని జమాఖర్చులు. చెక్క పలకలు, పాత ఇటుకలు, సున్నం, మేకులు, ఆఖరికి తలుపు గడియతో సహా దేనికెంతయిందో రాశాడు. ఇల్లు మొత్తానికి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు! ఏ వస్తువుకైనా అసలు ఖరీదు, దానికోసం మన జీవితంలోంచి ఇచ్చుకునే భాగమేనని అదే అధ్యాయంలో అంటాడు.

అది చదివాక నా నెల ఖర్చుల్ని డబ్బుల్లో కాకుండా పనిగంటల్లో రాసి చూశాను. పెద్ద టీవీ ఈఎంఐ దగ్గర పెన్ను ఆగిపోయింది. దాని కిస్తీ కోసం ఓవర్‌టైమ్ చేస్తున్నాను, ఆ ఓవర్‌టైమ్ వల్ల ఇంటికొచ్చాక టీవీ చూసే ఓపిక ఉండట్లేదు. అది తీరాక మళ్లీ వాయిదాల మీద ఏదీ కొనలేదు, ఓవర్‌టైమ్ మానేశాను. థోరో బల్లమీద మూడు సున్నపురాళ్లు ఉండేవట. రోజూ దుమ్ము దులపాలని తెలిసి విసుగొచ్చి కిటికీలోంచి పారేశాడు. నా షోకేసు ఖాళీ అయింది ఆ పేజీ పుణ్యమే. (పుస్తకాలు ఇచ్చెయ్యడానికి మాత్రం చాలాకాలం చేతులు రాలేదు.)

ఇక ఒంటరితనం సంగతి. ఆయనేమీ ముక్కు మూసుకుని తపస్సు చెయ్యలేదు. ఒకటి ఏకాంతానికి, రెండు స్నేహానికి, మూడు నలుగురొస్తే అని ఇంట్లో మూడు కుర్చీలు వేసుకున్నాడు. ఒకటి రెండు రోజులకోసారి ఊళ్లోకెళ్లి కబుర్లు వినొచ్చేవాడు. ఉన్న స్థలం కూడా స్నేహితుడు ఎమర్సన్‌ది. దీన్ని పట్టుకుని వెక్కిరించేవాళ్లున్నారు గానీ, నాకు ధైర్యమిచ్చింది ఇదే. అన్నీ వదిలేసి పోనక్కర్లేదన్నమాట. నేను ఆదివారం పొద్దున్నే ఫోన్ ఆపేసి సొరుగులో పడేసేవాణ్ణి. మొదట్లో ఒకటే టెన్షన్, చెయ్యి ఊరికే జేబులోకి వెళ్లేది. కొన్నాళ్లకి మధ్యాహ్నాలు పొడుగ్గా అనిపించడం మొదలైంది, అది బాగుంది.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఉద్యోగం మానేసి అడవికి బయల్దేరకండి. థోరోకి భార్యాపిల్లల బాధ్యత లేదు. ముందు ఆ గంటల లెక్క ఒక నెల వేసి చూడండి. మనుషులంటే విరక్తి పుట్టి ఒంటరిగా ఉండాలనిపిస్తుంటే మాత్రం, పుస్తకం కన్నా ముందు దగ్గరివాళ్లెవరితోనైనా మాట్లాడండి.

చివరి అధ్యాయం వదిలెయ్యకండి. వారం తిరక్కుండానే తన గుమ్మం నుంచి చెరువుదాకా కాలిబాట పడిపోయిందని, మనసుకీ అలాగే అలవాటు దారులు పడతాయని రాస్తాడు. నా ఆదివారాలు కూడా మొక్కుబడిగా తయారయ్యేసరికి ఆ నియమం తీసేశాను. ఇప్పుడు ఏ రోజు వీలైతే ఆ రోజు ఫోన్ సొరుగులోకి వెళ్తోంది.