శుద్ధి కేంద్రానికి తాళం ఎక్కడెక్కడ వేయాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మురుగునీటి, పారిశ్రామిక వ్యర్థజలాల శుద్ధి కేంద్రాల భద్రత గురించి సీమ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ప్లాంట్ల పేర్లు కావాలనే ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా ఎస్టీపీకి (మురుగునీటి శుద్ధి కేంద్రానికి) నాలుగు లిఫ్ట్ స్టేషన్ల (మురుగును పంపులతో ఎత్తిపోసే చోట్ల) నుంచి మురుగు వస్తుంది. స్కాడా (ప్లాంటును కంప్యూటర్ తెర మీద చూస్తూ నడిపే వ్యవస్థ) పెట్టిన కంపెనీవాళ్లు మా కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లో రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను రాత్రింబగళ్లు ఆన్‌లోనే ఉంచుతారు. లిఫ్ట్ స్టేషన్లలో సిమ్ వేసిన మోడెమ్‌లు ఉన్నాయి. అర్ధరాత్రి ఏదైనా ఆగితే వాళ్లే హైదరాబాద్ నుంచి చూసి సరిచేస్తారు. ఇది ప్రమాదమని కొందరంటున్నారు. తీసేస్తే మా పని ఎట్లా జరుగుతుంది? (ఆపరేటర్, కర్నూలు)

జవాబు: ప్రమాదమన్న మాట నిజమే. అలాగని పూర్తిగా తీసేయక్కర్లేదు. ఆ దారి ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో మీ చేతిలో ఉంటే చాలు. ఇప్పుడది కంపెనీవాళ్ల చేతిలో ఉంది, అసలు చిక్కు అదే.

2023 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలిక్విప్పా అనే ఊరి నీటి సంస్థలో, నీటి ఒత్తిడి పెంచే స్టేషన్‌లోని యూనిట్రానిక్స్ కంపెనీ పీఎల్‌సీ (పంపులను, వాల్వులను నడిపే చిన్న కంప్యూటర్) పరాయివాళ్ల చేతికి చిక్కింది. ఆ రకం పరికరాలకు కంపెనీ పెట్టి పంపే పాస్‌వర్డ్ 1111. దాన్ని మార్చకుండా ఇంటర్నెట్‌కు తగిలించి వదిలేసిన పరికరాలనే దాడిచేసినవాళ్లు వెతికి పట్టుకున్నారు. అక్కడి సిబ్బంది వెంటనే మాన్యువల్‌కు మారడంతో నీటి సరఫరా ఆగలేదు. అందులో గొప్ప హ్యాకింగ్ విద్య ఏమీ లేదు. మన దగ్గర కూడా ప్యానెల్ తలుపు లోపలివైపు పాస్‌వర్డ్ రాసిన స్టిక్కర్ కనిపించే ప్లాంట్లకు కొదవలేదు.

ముందు మోడెమ్‌ల సంగతి చూడండి. ఆ సిమ్‌లకు పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో ఎవరైనా చేరగల చిరునామా) ఉందా, ప్రైవేట్ ఏపీఎన్ (మీ సిమ్‌లకు మాత్రమే ఉండే మూసిన దారి) ఉందా అని సిమ్ ఇచ్చిన టెలికాం సంస్థను రాతపూర్వకంగా అడగండి. పబ్లిక్ ఐపీ ఉందంటే మీ పీఎల్‌సీ ప్రపంచం మొత్తానికి కనబడుతున్నట్టే. లిఫ్ట్ స్టేషన్లలో పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడే మాడ్‌బస్ టీసీపీ పద్ధతికి పాస్‌వర్డ్ అన్నదే లేదు. దాని 502 నంబరు పోర్టు (నెట్‌వర్క్ గుమ్మం) దాకా చేరగలిగినవాడు ‘పంపు ఆపు’ అని రాస్తే పంపు ఆగిపోతుంది, నువ్వెవరు అని అది అడగదు. ప్రైవేట్ ఏపీఎన్ తీసుకోండి. కుదరకపోతే మోడెమ్ స్థానంలో వీపీఎన్ (బయటివాళ్లు చొరబడలేని రహస్య దారి) ఉన్న ఇండస్ట్రియల్ రౌటర్ పెట్టించండి.

కంట్రోల్ రూమ్‌లో రిమోట్ కోసం వాడే ఇంటర్నెట్ రౌటర్‌కు వెళ్లే కరెంటును ఒక పుష్ బటన్, ఒక ఆఫ్-డిలే టైమర్ మీదుగా ఇప్పించండి. టైమర్‌ను రెండు గంటలకు పెట్టండి. కంపెనీ ఇంజనీరు ఫోన్ చేసినప్పుడు డ్యూటీ ఆపరేటర్ బటన్ నొక్కుతాడు. రెండు గంటలయ్యాక రౌటర్ దానంతటదే ఆరిపోతుంది, మళ్లీ కావాలంటే మళ్లీ ఫోన్ చేయాల్సిందే. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు అన్న మూడు ముక్కలు లాగ్‌బుక్‌లో పడాలి. ఖర్చు చాలా తక్కువ, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఇంత చిన్న పని చాలా ప్లాంట్లలో జరగకపోవడం నిజంగా బాధ కలిగిస్తుంది.

పీఎల్‌సీ మీద తాళంచెవి స్విచ్ ఉంటే అది ‘రన్’లో ఉండాలి, చెవి తీసి షిఫ్ట్ ఇన్‌ఛార్జి బీరువాలో పెట్టాలి. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ట్రైటన్ అనే దుష్ట ప్రోగ్రామ్ ఏకంగా భద్రతా కంట్రోలర్లలోకే చొరబడింది. ఆ కంట్రోలర్ల చెవి ‘ప్రోగ్రామ్’ స్థానంలోనే ఉండిపోవడం దానికి దారి ఇచ్చింది. మన సీమలో దీనికి తోడు ఎండ. మే నెలలో ప్యానెల్ వేడెక్కి డ్రైవ్ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) ట్రిప్ అవుతోందని తలుపు బార్లా తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడతారు. దుమ్ము లోపలికి పోతుంది, తాళం ఉన్నా లేనట్టే అవుతుంది. ప్యానెల్ ఫ్యాన్ ఫిల్టరు ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి కడగాలి, ఆరుబయట ప్యానెల్‌కు పడమటి ఎండ తగలకుండా రేకు పందిరి వేయాలి, అప్పటికీ చాలకపోతే ప్యానెల్ కూలర్ పెట్టాలి. తలుపు మాత్రం మూసే ఉంచండి.

ఇవన్నీ చేసినా ఎప్పుడో ఒకప్పుడు పీఎల్‌సీ మొరాయించవచ్చు, లేదా ఎవరో మొరాయింపజేయవచ్చు. అప్పుడు మురుగు రోడ్డు మీదికి రాకుండా కాపాడేది వెట్ వెల్‌లో (మురుగు చేరే బావిలో) వేలాడే ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టంతో తేలుతూ పనిచేసే స్విచ్). పీఎల్‌సీతో సంబంధం లేకుండా నేరుగా స్టార్టర్‌కు వైరింగ్ చేసిన ఫ్లోట్లు రెండు ఉండాలి. పైది ఇన్‌లెట్ పైపు అడుగుకు జానెడు కింద వేలాడాలి. నీళ్లు అక్కడికొస్తే పంపు తిరగాలి, హారన్ మోగాలి. కిందిది పంపు ఒట్టిగా తిరగకుండా ఆపాలి. ఫ్లోట్ పనిచేయకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: గుడ్డపీలికలు, జుట్టు, నూనె జిడ్డు చుట్టుకుని కేబుల్ గోడకు అంటుకుపోవడం. నెలకొకసారి పైనుంచే కేబుల్‌తో లాగి, కడిగి, ఫ్లోట్‌ను చేత్తో తలకిందులు చేసి పంపు స్టార్ట్ అవుతోందా చూడండి. దానికోసం బావిలోకి మనిషిని దించకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరకొచ్చేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన లేదని దిగినవాళ్లే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

మరో ముఖ్యమైన మాట. పీఎల్‌సీ ప్రోగ్రామ్ కాపీ, దాని పాస్‌వర్డ్ ప్లాంటు యజమాని దగ్గర ఉండాలి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితాల్లో ఈ షరతు రాయించండి. రెండు పెన్‌డ్రైవ్‌లలో తీసి, ఒకటి ప్లాంటు బయట భద్రపరచండి. మనుషులు మారినప్పుడల్లా పాస్‌వర్డ్‌లు మార్చండి. 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతంలో, అంతకుముందు అక్కడి మురుగు వ్యవస్థకు కంట్రోళ్లు పెట్టిన కాంట్రాక్టు కంపెనీలో పనిచేసి మానేసిన వ్యక్తే రేడియో పరికరంతో పంపులను తారుమారు చేశాడు. సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పోయింది. 2001లో అతనికి రెండేళ్ల జైలు పడింది. ప్లాంటు గుట్టు తెలిసినవాడికి హ్యాకింగ్ రావక్కర్లేదు.

ప్రశ్న: మా ఈటీపీలో (పారిశ్రామిక వ్యర్థజలాల శుద్ధి కేంద్రంలో) హైపో (క్లోరిన్ ఉన్న ద్రావణం) డోసింగ్ స్కాడా స్క్రీన్ నుంచే మారుస్తాం. ఎవరైనా ఆ అంకెను మారిస్తే ఏం గతి? (కెమిస్ట్, అనంతపురం)

జవాబు: 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఓల్డ్స్‌మార్ నీటి కేంద్రంలో కాస్టిక్ సోడా సెట్టింగు స్క్రీన్ మీద 100 పీపీఎం నుంచి 11,100కు మారిపోయింది. ఆపరేటర్ అక్కడే ఉండి వెంటనే వెనక్కి మార్చాడు కాబట్టి సరిపోయింది. అది బయటివాళ్ల దాడేనా అన్న దానిమీద తర్వాత అనుమానాలు వచ్చాయి. దాడైనా, వేలు తగిలి జరిగిన పొరపాటైనా మనం చేయాల్సింది మాత్రం ఒకటే: అంకె ఎంత పెంచినా మందు అంత పడలేని విధంగా సామాను ఎంచుకోవాలి.

లెక్క వేసి చూద్దాం. మీ ప్రవాహం రోజుకు 20 లక్షల లీటర్లు, డోసు లీటరుకు 5 మిల్లీగ్రాములు అనుకుందాం. రోజుకు 10 కిలోల క్లోరిన్ కావాలి. పది శాతం హైపో అయితే లీటరులో 100 గ్రాములు, అంటే రోజుకు 100 లీటర్లు, గంటకు దాదాపు 4.2 లీటర్లు. ఇక్కడ గంటకు 10 లీటర్ల పంపు సరిపోతుంది. ఎవరైనా దాన్ని వంద శాతానికి తిప్పినా డోసు 12 మిల్లీగ్రాములు దాటదు. అదే ‘పెద్దదుంటే మంచిదే’ అని గంటకు 100 లీటర్ల పంపు బిగించి స్ట్రోక్ (పంపు ఒక్కో తోపుకు పంపే మోతాదు) తగ్గించి నడుపుతుంటే, అదే తప్పిదానికి డోసు 120కి పోతుంది.

పంపు పీల్చేది పెద్ద స్టోరేజి ట్యాంకు నుంచి కాకుండా 150 లీటర్ల డే ట్యాంకు నుంచి ఉండాలి. దాన్ని మనిషి చేత్తో వాల్వు తిప్పి రోజుకొకసారి నింపాలి. అప్పుడు ఎంత ఘోరం జరిగినా పోయేది ఆ ట్యాంకులో ఉన్నంతే. పెద్ద పంపు కొనడానికి మనవాళ్లు చెప్పే కారణం ఎండకు హైపో బలం తగ్గిపోతుందని. తగ్గే మాట నిజమే. దానికి విరుగుడు హైపోను నీడలో పెట్టడం, తక్కువ తక్కువ తెప్పించుకోవడం, వారానికొకసారి బలం పరీక్షించడం. పంపు సైజు పెంచితే ఆ సమస్య తీరదు.

గరిష్ఠ పరిమితిని స్క్రీన్‌లో కాకుండా పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లోనే పెట్టించండి. స్క్రీన్‌లో పెట్టిన హద్దును వేరే కంప్యూటర్ నుంచి దాటేయవచ్చు. ఆమ్లం, క్షారం వాడేచోట కంట్రోల్‌తో సంబంధం లేని రెండో పీహెచ్ మీటరు బిగించి, దాని రిలేను నేరుగా డోసింగ్ పంపు కరెంటుకు కలపండి. పీహెచ్ హద్దు దాటితే, స్క్రీన్ ఏం చూపిస్తున్నా సరే, పంపు ఆగిపోవాలి. షిఫ్టుకొకసారి చేత్తో శాంపిల్ తీసి చేసే పరీక్షను ఆన్‌లైన్ మీటరు ఉందని మానకండి. మీటరు అబద్ధం చెబుతోందని చెప్పగలిగేది ఆ సీసాలోని నీళ్లే.

ప్రశ్న: మా కాలనీ పక్కనే ఫిల్టర్ హౌస్‌లో క్లోరిన్ టన్నర్లు (క్లోరిన్ నింపిన పెద్ద సిలిండర్లు) ఉన్నాయి. రాత్రిపూట కాపలా సరిగా ఉండదు. మేము ఏమని అడగాలి? (గృహిణి, కడప)

జవాబు: మీ భయం సహేతుకమైనదమ్మా. ఒక టన్నర్‌లో సుమారు 900 కిలోల ద్రవ క్లోరిన్ ఉంటుంది. లీటరు ద్రవం బయటికొస్తే దాదాపు 460 లీటర్ల వాయువవుతుంది, గాలికన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారుగా పాకుతుంది. విధ్వంసం చేయాలని వచ్చేవాడికంటే ఇత్తడి వాల్వు కోసం వచ్చే చిల్లర దొంగతోనే ఎక్కువ భయం. పాత సామాన్లవాడికి అమ్ముకుందామని స్పానర్ వేశాడంటే వాడికీ ముప్పే, మీకూ ముప్పే.

ఫిల్టర్ హౌస్ వాళ్లను ఇవి అడగండి. ఖాళీవైనా నిండువైనా టన్నర్లన్నీ తాళం వేసిన షెడ్డులో, వాల్వుల మీద మూతలతో ఉన్నాయా? ఖాళీ అన్నదానిలో కూడా వాయువు మిగిలే ఉంటుంది. లీక్ సెన్సర్ అలారం కాపలాదారు గదిలో కూడా మోగుతుందా? రెండు గాలి ముసుగు సెట్లు షెడ్డు బయట ఉన్నాయా? లోపల తాళం వేసి పెడితే అక్కరకు రావు. లీకులు మూసే కిట్ ఉందా, దాన్ని వాడటం వచ్చినవాళ్లు ప్రతి షిఫ్టులో ఇద్దరున్నారా? అలారం మోగితే కాలనీకి ఏ సైరన్‌తో చెబుతారు? హైపోకు మారే ఆలోచన ఉందా? అన్నిటికన్నా మంచి భద్రత అదే. దొంగిలించడానికి, పగలగొట్టడానికి టన్నరే లేకుండా పోతుంది.

ఘాటు వాసన వస్తే గాలి వీచే దిశకు అడ్డంగా, ఎత్తైన చోటుకు వెళ్లండి, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోండి. లీకవుతున్న టన్నర్ మీద ఎవరినీ నీళ్లు కొట్టనివ్వకండి. తడికి లోహం తినేసి రంధ్రం ఇంకా పెద్దదవుతుంది.

ప్రశ్న: కాలుష్య నియంత్రణ మండలి సర్వర్‌కు మా ఆన్‌లైన్ మీటర్ల డేటా ఎప్పుడూ వెళ్తూనే ఉండాలి. ఆ లైను గుండా ఎవరైనా ప్లాంటులోకి రాగలరా? సీసీ కెమెరాలు కూడా అదే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. (మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి, తాడిపత్రి)

జవాబు: డేటా లాగర్‌ను (మీటర్ల అంకెలు నమోదుచేసి మండలికి పంపే పెట్టెను) పీఎల్‌సీ నెట్‌వర్క్‌కు కలిపి ఉంటే రాగలరు. మీటరు నుంచి వచ్చే 4-20 మిల్లీయాంప్ సిగ్నల్‌ను సిగ్నల్ ఐసొలేటర్‌తో రెండుగా చీల్చండి. ఒకటి పీఎల్‌సీకి, ఒకటి లాగర్‌కు. లాగర్‌కు వేరే సిమ్ ఇవ్వండి. ఆ తీగ మీద నడిచేది కరెంటు మాత్రమే, ఎవరూ వెనక్కి ఎక్కి రాలేరు.

కెమెరాలను ఇవాళే విడదీయండి. మేనేజరు గారు ఇంటినుంచి ఫోన్‌లో చూసుకోవడానికి డీవీఆర్‌కు (కెమెరా రికార్డరుకు) పోర్టు తెరిచి ఉంటారు, పాస్‌వర్డ్ మార్చి ఉండరు, డీవీఆర్ స్కాడా స్విచ్‌లోనే గుచ్చి ఉంటుంది. దొంగను పట్టడానికి పెట్టిన కెమెరాయే ఇక్కడ దొంగకు గుమ్మం అవుతుంది. కెమెరాలకు వేరే స్విచ్, వేరే ఇంటర్నెట్ ఉండాలి.

ప్రశ్న: దాడి జరిగిందని అనుమానం వస్తే మొదటి గంటలో ఏం చేయాలి? (షిఫ్ట్ ఇంజనీరు, కర్నూలు)

జవాబు: ముందు ప్రాసెస్‌ను చేతిలోకి తీసుకోండి. సెలెక్టర్ స్విచ్‌లు హ్యాండ్‌కు తిప్పండి, డోసింగ్ పంపులు ఆపి చేతిపరీక్ష చేయండి, శుద్ధిచేసిన నీరు తుంగభద్రలోకో వాగులోకో పోయే గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. పరీక్షలో తేడా కనిపిస్తే నీటిని ఈక్వలైజేషన్ ట్యాంకుకు (శుద్ధికి ముందు నీటిని నిల్వ ఉంచే ట్యాంకుకు) మళ్లించండి. ట్యాంకుల్లోకి గాలి కొట్టే బ్లోయర్లు మాత్రం కంగారుపడి ఆపేయకండి. గంటలకొద్దీ గాలి అందకపోతే సూక్ష్మజీవులు చచ్చి, ప్లాంటు కోలుకోవడానికి వారాలు పడుతుంది.

తర్వాత రౌటర్ నుంచి ఇంటర్నెట్ తీగ పీకండి. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయకండి, ఫార్మాట్ అసలే వద్దు. ఆధారాలన్నీ దానిలోనే ఉంటాయి. స్క్రీన్‌ను సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీయండి. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం విషయం తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949. అవే ఆదేశాలు లాగ్‌లు 180 రోజులు ఉంచాలంటున్నాయి. చాలా కంట్రోల్ రూముల్లో హార్డ్‌డిస్క్ నిండిపోయి వారం తిరక్కుండానే పాతవి చెరిగిపోతుంటాయి. అది ముందే సరిచేయించుకోండి.

ఇదంతా ఆ రోజు మొదటిసారి చేస్తే కుదరదు. మూడు నెలలకొకసారి, పగటి షిఫ్టులో, స్కాడా స్క్రీన్ ఆపేసి నాలుగు గంటలు ప్లాంటును చేత్తో నడపండి. ఏ స్విచ్ పట్టేసిందో, ఏ వాల్వు తిరగడం లేదో, ఏ కుర్రాడికి ఏ పంపు ఎక్కడుందో తెలియదో ఆ నాలుగు గంటల్లోనే బయటపడుతుంది. ఆ జాబితాను అదే వారంలో మెయింటెనెన్స్‌కు ఇవ్వండి.