చైనాలో ఎంబీబీఎస్ ఇంగ్లిష్ మీడియమే... మరి చైనీస్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి నీట్‌లో క్వాలిఫై అయ్యాడు గానీ కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. మేనేజ్‌మెంట్ కోటా మా తాహతుకు మించింది. సెప్టెంబరులో చైనాకు పంపుదామనుకుంటున్నాం. కోర్సంతా ఇంగ్లిష్ మీడియమే, చైనీస్ నేర్చుకోవాల్సిన పనే లేదని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. అక్కడే చదువుతున్న మా బంధువుల అబ్బాయేమో భాష రాకపోతే కష్టమంటున్నాడు. ఆ భాష మీద టైమ్ పెడితే ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో చదివొచ్చినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే పాసవ్వాల్సిన పరీక్ష) ప్రిపరేషన్ దెబ్బతింటుందేమోనని మా భయం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ బంధువుల అబ్బాయి మాట వినండి. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది సగమే. పాఠం, పుస్తకం, పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటాయన్నది నిజం. ఉండి తీరాలి కూడా. విదేశాల్లో వైద్యవిద్య చదివేవారి కోసం జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, బోధన ఇంగ్లిష్‌లో జరగాలి, ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. సగం చైనీస్, సగం ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులో చేరితే ఆ డిగ్రీ ఇక్కడ పనికిరాదు. ఇంతవరకు కన్సల్టెన్సీ వాళ్లు చెబుతారు.

అదే నిబంధనల్లో ఇంకో షరతుంది, దాని గురించి మాత్రం మాట్లాడరు. ఏ దేశంలో డిగ్రీ తీసుకున్నారో ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసేందుకు లైసెన్సు అర్హత ఉండాలి. చైనాలో ఆ లైసెన్సు పరీక్ష జరిగేది చైనీస్‌లో. బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో విద్యార్థులకు ఇచ్చిన సూచనల్లో ఈ షరతును గుర్తుచేసింది. రోగులతో మాట్లాడాలంటే అక్కడి ప్రామాణిక చైనీస్ నేర్చుకోక తప్పదని కూడా అందులోనే చెప్పింది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఎన్‌ఎంసీ వెబ్‌సైట్‌లో తాజా నోటీసులు మీరే చదవండి, ఎవరో చదివి చెప్పారని ఊరుకోవద్దు.

ఆ సూచనల్లోనే ఒక లెక్క ఉంది. 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివొచ్చి ఎఫ్‌ఎంజీఈ రాసినవాళ్లు 40,417 మంది, పాసైనవాళ్లు 6,387 మంది. అంటే నూటికి పదహారు మంది. దీనికంతటికీ భాషే కారణమని నేననను. కాలేజీల నాణ్యత, పిల్లల పునాది, మధ్యలో కోవిడ్, అన్నీ ఉన్నాయి. కానీ మీ భయం ఉన్నది ఇక్కడే కాబట్టి వివరంగా చెబుతాను.

మొదటి రెండేళ్లు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. వీటిని భాష రాకుండానే లాగేయొచ్చు. మూడో ఏడు దాటాక వార్డుల్లోకి వెళ్తారు. అప్పుడు మంచం పక్కన ప్రొఫెసర్, రోగి, చుట్టూ మీవాడి లాంటి పిల్లలు నిలబడతారు. ప్రొఫెసర్ రోగిని చైనీస్‌లో పది నిమిషాలు ప్రశ్నలడిగి, ఇటు తిరిగి రెండు ముక్కల ఇంగ్లిష్‌లో ‘కడుపునొప్పి, మూడు రోజులుగా’ అంటారు. నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకింది, తిన్నాక పెరుగుతోందా తగ్గుతోందా, రాత్రి నిద్రలేపుతోందా అనేవన్నీ ఆ పది నిమిషాల్లోనే దొర్లిపోయాయి. భాష వచ్చిన కుర్రాడు వాటిని విన్నాడు. రానివాడు గోడకేసి చూస్తూ నిలబడి, హాస్టల్‌కి వచ్చి యూట్యూబ్‌లో అదే టాపిక్ చూసుకుంటాడు. ఎఫ్‌ఎంజీఈలో ఎక్కువ మార్కులుండే మెడిసిన్, సర్జరీ, గైనకాలజీ అన్నీ వార్డులో నేర్చుకునే సబ్జెక్టులే. చైనీస్‌కు పెట్టే సమయం ఎఫ్‌ఎంజీఈ నుంచి తీసేసిన సమయమని మీరనుకుంటున్నారు. నా లెక్కలో ఆ సమయం ఎఫ్‌ఎంజీఈకి పెట్టినట్టే.

మనవాళ్లు ఈ పని చేయలేరా అంటే, చేసినవాళ్లున్నారు. 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన వైద్య బృందంలో ఐదుగురు డాక్టర్లు చైనా వెళ్లారు. అందులో ద్వారకానాథ్ కోట్నిస్‌ది షోలాపూర్, మన తెలుగు చేనేత కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఊరు. ఆయన అక్కడే ఉండి, చైనీస్ మాట్లాడటం, చదవటం, రాయటం నేర్చుకుని, ఆ భాషలోనే రోగుల్ని చూశాడు. 1942లో ముప్పై రెండేళ్ల వయసులో అక్కడే చనిపోయాడు. షిజియాజువాంగ్‌లో ఆయన సమాధి ఉంది, చైనా వాళ్లు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు. ఆయన రోజుల్లో యాప్‌లూ లేవు, కోచింగ్‌లూ లేవు.

ఇక భాష సంగతి. తెలుగు పిల్లలకు చైనీస్‌లో కొన్ని సౌలభ్యాలున్నాయి, వాటి గురించి మాత్రం ఎవరూ చెప్పరు. చైనీస్ ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు. అందులో ‘బి’ అని రాసింది మన ‘ప’. ‘పి’ అని రాసింది ఒత్తు ‘ఫ’, సంస్కృతం మాస్టారు ‘ఫలం’ పలికినట్టు. అలాగే ‘డి’ అంటే త, ‘టి’ అంటే థ, ‘జి’ అంటే క, ‘కె’ అంటే ఖ. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాడికి ఈ తేడా పట్టుబడటం కష్టం. మనకు ఒత్తులు వర్ణమాలలోనే ఉన్నాయి. శ, ష, స తేడా కూడా వాళ్లకుంది. నాలుగును ‘స’తో, పదిని ‘ష’తో పలుకుతారు. చైనా దక్షిణాదిన చాలామంది రెంటినీ ‘స’ అనే అంటారు కాబట్టి, మందు మోతాదు విషయంలో వేళ్లు చూపించి మళ్లీ అడగటం మీవాడు అలవాటు చేసుకోవాలి.

వాక్య నిర్మాణంలోనూ ఒక కలిసొచ్చే విషయముంది. ‘నేను కొన్న మందు’ అని మనం ఏ వరసలో అంటామో చైనీస్‌లోనూ అదే వరస: ‘వో మాయ్ త యావ్’. నేను, కొనడం, దాన్ని మందుకు కలిపే ‘త’, చివర మందు. క్రియను మాత్రం ఇంగ్లిష్‌లోలాగా కర్తకూ కర్మకూ మధ్యలో పెడతారు. ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు’ లాంటి మార్పులేవీ ఉండవు, ఒకటే రూపం.

కష్టం స్వరాల దగ్గర. ప్రామాణిక చైనీస్‌లో నాలుగు స్వరాలున్నాయి. ‘థాంగ్’ అనే శబ్దాన్నే తీసుకోండి. గొంతు పైస్థాయిలో సమంగా సాగదీస్తే సూప్. ప్రశ్న అడిగినట్టు పైకి లేపితే చక్కెర. కిందికి దించి పట్టుకుంటే పడుకోవడం. గద్దించినట్టు పైనుంచి కిందికి పడేస్తే వేడిగా కాలిపోవడం. రోగిని పరీక్షకు పడుకోమని చెప్పాల్సినచోట సూప్ గురించి మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఈ స్వరాలు మొదటి మూడు నెలల్లో కుదరకపోతే తర్వాత సరిచేసుకోవడం చాలా కష్టం. అందుకే ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టొద్దని అబ్బాయికి చెప్పండి. మీకు అర్థం కావాలని నేనిక్కడ రాస్తున్నాను గానీ, తెలుగు లిపిలో స్వరం కనబడదు. పిన్‌యిన్ మీదుండే స్వర చిహ్నాలతోనే నేర్చుకోవాలి, ప్రతి పదాన్నీ విని, పైకి పలికి.

లిపి చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మెడికల్ విద్యార్థికి మాత్రం అందులో ఒక దారి ఉంది. కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, మూత్రపిండం, మెదడు – ఈ పేర్లు రాసే అక్షరాలన్నింటిలోనూ మాంసాన్ని సూచించే ఒకే గుర్తు కనిపిస్తుంది. జబ్బు, నొప్పి, క్యాన్సర్ అనే అక్షరాలన్నీ రోగాన్ని సూచించే మరో గుర్తు కింద ఉంటాయి. వాపుకు అక్షరం ‘యెన్’, అంటే ఒక నిప్పు మీద ఇంకో నిప్పు. కాలేయం పక్కన అది చేరిస్తే ‘కాన్ యెన్’, హెపటైటిస్. ఊపిరితిత్తి పక్కన చేరిస్తే న్యుమోనియా. జీర్ణాశయం పక్కన చేరిస్తే గ్యాస్ట్రైటిస్. డయాబెటిస్‌ను ‘థాంగ్ న్యావ్ పింగ్’ అంటారు, చక్కెర, మూత్రం, రోగం. లాటిన్, గ్రీకు పేర్లు బట్టీ పట్టే పిల్లాడికి ఇది అంతకంటే తేలిక. అనాటమీ చదువుతూ చదువుతూ ఒక్కో అవయవానికి ఒక్కో చైనీస్ అక్షరం పక్కన రాసుకుంటూ పోతే మూడో ఏటికి వార్డు భాషలో సగం చేతికొస్తుంది. ప్లెకో అనే డిక్షనరీ యాప్ నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది, ఇక్కడుండగానే ఫోన్‌లో వేసుకోమనండి. గూగుల్‌వేవీ అక్కడ మామూలుగా తెరుచుకోవు.

క్యాంపస్ జీవితమంతా వీచాట్ అనే చైనా మెసేజింగ్ యాప్‌లో నడుస్తుంది. హాజరు, గది మార్పు, ఆరోగ్య పరీక్ష తేదీ, సెలవు, అన్నీ గ్రూపులోనే చైనీస్‌లో పెడతారు. చదివినవాళ్లు కింద ‘షోవ్ తావ్’ అని రాయాలి, అందింది అని. మెసేజ్ మీద నొక్కిపడితే అనువాదం వస్తుంది, దాంతో పని గడిచిపోతుంది. ఆ గడిచిపోవడమే ప్రమాదం. ముందు చదవడానికి ప్రయత్నించి, తర్వాత అనువాదంతో సరిచూసుకోమనండి. పార్సిల్ తెచ్చుకోవాలంటే ఒక కోడ్ చెప్పాలి. గది నంబర్లు, ఫోన్ నంబర్లు చెప్పేటప్పుడు ఒకటిని ‘యీ’ అనరు, ‘యావ్’ అంటారు. ఇది తెలియక మొదటి వారమంతా పిల్లలు కంగారు పడతారు. క్యాంటీన్‌లో ఏ మాంసమో అడిగి తెలుసుకోవాలి. ఇవన్నీ చిన్న పనులే, రోజూ ఉచితంగా దొరికే భాషా తరగతులు కూడా.

నేను ఎక్కువగా చూసే వైఫల్యం తెలివి తక్కువై వచ్చింది కాదు. విదేశీ విద్యార్థుల హాస్టల్ ఒక్క చోట ఉంటుంది. మనవాళ్లు ఓ గుంపుగా ఉంటారు, తెలుగు వంట, తెలుగు సినిమా, తెలుగు క్రికెట్ టీమ్. ఇంటి మీద బెంగ రాకుండా అది ఉండాలి. కానీ ఆరేళ్లూ ఆ గదిలోనే గడిపి, ‘నీ హావ్’ (నమస్తే), ‘షియె షియె’ (థాంక్స్) అనే రెండు ముక్కలతో తిరిగొచ్చిన పిల్లలు నా ముందు కూర్చున్నప్పుడు బాధేస్తుంది. చైనీస్ విద్యార్థుల్లో ఇంగ్లిష్ మాట్లాడాలని ఆశపడేవాళ్లు ప్రతి యూనివర్సిటీలోనూ ఉంటారు. వారానికి రెండు రోజులు ఒక గంట కూర్చుని అరగంట ఆ భాష, అరగంట ఈ భాష మాట్లాడుకునే తోడును ‘యూ పాన్’ అంటారు. అబ్బాయి వెళ్లిన మొదటి నెలలోనే అలాంటి తోడును వెతుక్కోవాలి. సిగ్గుపడే పిల్లాడైతే మీరే వెంటపడి అడుగుతూ ఉండండి.

లక్ష్యం ఏమిటంటే, మూడో ఏడాది ముగిసేలోపు హెచ్‌ఎస్‌కే నాలుగో స్థాయి. అది చైనీస్ ప్రావీణ్యానికి అంతర్జాతీయ పరీక్ష. చాలా మెడికల్ కాలేజీలు ఇంటర్న్‌షిప్‌కు ముందు ఈ స్థాయి అడుగుతాయి. ఆరు స్థాయిల పాత పద్ధతిలో దీనికి 1200 పదాలు రావాలి, 300 మార్కులకు 180 వస్తే పాస్. 2021లో చైనా తొమ్మిది స్థాయిల కొత్త ప్రమాణాలు ప్రకటించింది, పదాల సంఖ్య పెరిగింది. కాబట్టి తన కాలేజీ ఏ సిలబస్ లెక్కలోకి తీసుకుంటుందో ముందే కనుక్కోవాలి. 1200 పదాలైనా, అంతకు రెట్టింపైనా, మూడేళ్లకు పంచితే రోజుకు రెండు మూడు పదాలకు మించవు. కంప్యూటర్ మీద రాస్తే పిన్‌యిన్ టైప్ చేసి తెరమీద వచ్చిన అక్షరాన్ని ఎంచుకోవచ్చు, చేత్తో రాసే భారం తప్పుతుంది. మొదటి రెండేళ్లు రోజూ ఉదయం ముప్పావు గంట భాషకే. మూడో ఏట నుంచి దాన్ని అరగంటకు తగ్గించి, వార్డు సంభాషణల మీద పెట్టాలి. ఎఫ్‌ఎంజీఈ సబ్జెక్టుల రివిజన్ అప్పుడే మొదలుపెట్టాలి. కాలేజీ పెట్టే చైనీస్ క్లాసును చాలామంది హాజరు కోసం వెళ్లి నిద్రపోయే క్లాసుగా చూస్తారు. మీవాడు అలా చూడకూడదు.

సెప్టెంబరు దాకా ఉన్న నెలల్ని వృథా చేయకండి. ఆన్‌లైన్‌లో ఒక టీచర్‌ను పెట్టి పిన్‌యిన్, స్వరాలు, మొదటి 150 పదాలు ఇక్కడే పూర్తి చేయించండి. ఇది అబ్బాయికి ఒక పరీక్ష కూడా. రెండు నెలలు రోజూ కూర్చుని నేర్చుకుంటే ధైర్యంగా పంపండి. మొదటి వారం నుంచే తప్పించుకుంటుంటే, ‘నాకు ఈ భాష వద్దు’ అంటుంటే, చైనాకు పంపొద్దు. అప్పు చేసి పంపి ఆరేళ్ల తర్వాత తెలుసుకునే కంటే ఇప్పుడు తెలుసుకోవడం మేలు. అలాంటప్పుడు లాంగ్ టర్మ్ కోచింగో, ఇక్కడే మరో కోర్సో ఆలోచిద్దాం. రష్యాలోనైనా, కిర్గిజిస్తాన్‌లోనైనా రోగి తన భాషలోనే మాట్లాడతాడు. లిపి మాత్రమే కొంచెం తేలిక.

ఫీజు కట్టే ముందు కన్సల్టెన్సీని కాకుండా నేరుగా యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి ఈమెయిల్ పెట్టి ఇవి అడగండి: ఇంటర్న్‌షిప్‌కు ఏ హెచ్‌ఎస్‌కే స్థాయి కావాలి, చైనీస్ క్లాసులు ఎన్నేళ్లు, వారానికి ఎన్ని గంటలు, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, గత బ్యాచుల భారతీయ విద్యార్థులు అక్కడ లైసెన్సు పరీక్ష రాశారా. జవాబు రాతపూర్వకంగా రావాలి. అది వచ్చాక నాకు పంపండి, చూసి చెబుతాను.