మొదటి పాట దగ్గరే ఆగిపోయారు

ప్రశ్న: కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లండ్ బృందం 1969లో తెచ్చిన తొలి ఆల్బమ్ 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్'ను మా అబ్బాయి పట్టుబట్టి వినిపించాడు. మొదటి పాట మొదలైన నిమిషానికే చెవులు మూసుకున్నాను. కర్ణాటక సంగీతం వింటూ పెరిగినదాన్ని. ప్రోగ్రెసివ్ రాక్ అంటూ ఇంత గోలను ఇన్నేళ్ల తర్వాత కూడా జనం ఎందుకు మెచ్చుకుంటున్నారండీ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ గోల సంగతే చెప్పుకుందామండీ. 'ట్వంటీ ఫస్ట్ సెంచురీ స్కిజాయిడ్ మ్యాన్' అనే ఆ పాట వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో పుట్టింది. ఆ యుద్ధంలో వాడిన నాపామ్ అనే నిప్పు బాంబుల మంటల ప్రస్తావన అందులో నేరుగానే ఉంది. గాయకుడు గ్రెగ్ లేక్ గొంతు పగిలిపోయినట్టు వినిపించేలా కావాలనే మార్చారు. చేతకాక చేసిన రొద కాదనడానికి సాక్ష్యం ఆ పాట నడుమనే దొరుకుతుంది. గిటార్, సాక్సాఫోన్, బేస్, డ్రమ్స్ నాలుగూ ఒకే వరుసను అతివేగంగా వాయిస్తూ, ఉన్నట్టుండి ఆగి, క్షణం నిశ్శబ్దం తర్వాత వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ కలిసి అందుకుంటాయి. తని ఆవర్తనంలో మృదంగమూ ఘటమూ కలిసి ముక్తాయింపు వేసి తాళం మొదటి దెబ్బ అయిన సమానికి చేరినప్పుడు మీ చెయ్యి దానంతటదే తొడ మీద పడుతుంది కదా, ఆ చెవితోనే ఈ భాగం వినండి.

ఆ రొద ముగియగానే 'ఐ టాక్ టు ద విండ్'లో ఇయాన్ మెక్‌డొనాల్డ్ ఫ్లూట్ మొదలవుతుంది. పాట నిజానికి చాలా సాదాసీదాది. ఎండన పడి వచ్చినవాడికి కుండలో నీళ్లు అందినట్టు, ముందున్న పాట వల్లనే దానికి అంత చల్లదనం వచ్చింది.

నా మటుకు నాకు ఈ ఆల్బమ్ అసలు ఆకర్షణ మెలోట్రాన్ అనే వాద్యంలో ఉంది. చూడటానికి కీబోర్డే గానీ, ప్రతి మెట్టు కిందా ఒక టేపు ముక్క ఉంటుంది. దాని మీద నిజమైన వయొలిన్లైనా, మరో వాద్యమైనా ముందే రికార్డు చేసి ఉంటాయి. మెట్టు నొక్కితే టేపు కదిలి పలుకుతుంది, సుమారు ఎనిమిది సెకన్లకు అయిపోతుంది, వేలు తీస్తే వెనక్కి వెళుతుంది. హార్మోనియంలా తిత్తి ఊదినంతసేపూ స్వరం నిలవదు కనుక, వాయించేవాడు టేపు అయిపోకముందే వేళ్లు మార్చుకుంటూ ఉండాలి. టేపు పరుగులో ఉండే సన్నని వణుకు వల్ల ఆ వయొలిన్లు ఎక్కడో పాడుబడిన కోటలోంచి వస్తున్నట్టు ఉంటాయి. 'ఎపిటాఫ్'లోనూ, చివరి పాటలోనూ ఆ ధ్వని అలలా లేచినప్పుడు కలిగే గాంభీర్యం అసలు వయొలిన్లు తెచ్చి వాయించినా వచ్చేది కాదని నా నమ్మకం.

అన్నీ మెచ్చుకోవలసిన పనిలేదు. పన్నెండు నిమిషాల 'మూన్‌చైల్డ్'లో తొలి రెండున్నర నిమిషాలే పాట. తక్కినది అప్పటికప్పుడు తోచినట్టు మెల్లగా వాయించినది, నాకు ఇప్పటికీ సాగదీతగానే అనిపిస్తుంది. 2009లో స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడు ఈ ఆల్బమ్‌ను తిరిగి మిక్స్ చేసినప్పుడు ఆ భాగాన్ని కొంత కత్తిరించారు కూడా. మీరు 'ఎపిటాఫ్'తో మొదలుపెట్టి, స్కిజాయిడ్ మ్యాన్‌ను చివరికి ఉంచుకోండి.

ప్రశ్న: కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ అట్ట మీద నోరు తెరిచి అరుస్తున్న ముఖం ఎవరు గీశారు? ఈ బృందం తర్వాత ఏమైంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గీసింది బ్యారీ గాడ్‌బర్. ఆయన కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బమ్ వచ్చిన కొద్ది నెలలకే, 1970లో, 24 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించారు; ఆయన వేసిన ఆల్బమ్ అట్ట ఇదొక్కటే.

బృందం కథ కూడా అంతే తొందరగా నడిచింది. 1969 జనవరిలో సాధన మొదలుపెట్టారు, జులైలో లండన్ హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు లక్షల జనం ఎదుట వాయించారు, అక్టోబర్ 10న ఆల్బమ్ విడుదలై బ్రిటన్‌లో అయిదో స్థానానికి చేరింది. నిర్మాణం కూడా తామే చూసుకున్న ఆ కుర్రాళ్లలో గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్‌కు అప్పటికి 23 ఏళ్లు, లేక్‌కు 21. డిసెంబర్‌లో అమెరికా పర్యటనలో ఉండగానే మెక్‌డొనాల్డ్, డ్రమ్మర్ మైకేల్ జైల్స్ తప్పుకుంటామన్నారు. మరుసటి ఏడాది లేక్ కూడా వేరే బృందం పెట్టుకున్నారు. కింగ్ క్రిమ్సన్ పేరును ఫ్రిప్ కొత్తవాళ్లతో దశాబ్దాలపాటు నడిపారు గానీ, పాటలు రాసిన పీటర్ సిన్‌ఫీల్డ్‌తో సహా ఆ అయిదుగురూ కలిసి చేసిన ఆల్బమ్ మాత్రం ఇది ఒక్కటే.