ముందు పోయే ఎర్రదీపాన్ని నమ్ముకోకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్కయ్య కాకినాడ నుంచి ఫోన్ చేసి, నువ్వు ఈ జూలైలో లండన్ నుంచి రాత్రంతా సైకిలు తొక్కి సముద్రం ఒడ్డుకు పోతానంటున్నావని, ఆ ప్రయాణాన్ని ఎవరు నడుపుతారో, దారిలో ఏదైనా అయితే ఎవరిని అడగాలో చెప్పమని నన్ను నిలదీసింది. నడిపేవారు ఎవరూ లేరని, అడగడానికి ఎవరూ ఉండరని చెబితే ఆమెకు ఇక నిద్ర పట్టదు కనుక, వాడికి నేను వివరంగా ఉత్తరం రాస్తానులే అని ఆ పూటకు మాట దాటవేశాను. నీ దగ్గర మాత్రం దాటవేయను. డన్‌విచ్ డైనమో అనే ఈ రాత్రి సైకిలు ప్రయాణం గురించి అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి అదే. దీనికి పేరు నమోదు లేదు, రుసుము లేదు, చొక్కాకు తగిలించే నంబరు లేదు, చివర్లో పతకం లేదు, వెనకాల వచ్చే వ్యాను అసలే లేదు. జూలై పౌర్ణమికి దగ్గరగా వచ్చే శనివారం సాయంత్రం హ్యాక్నీలోని లండన్ ఫీల్డ్స్ పార్కు దగ్గర వందల మంది సైకిళ్లతో చేరతారు, ఎనిమిది గంటలు కావస్తుండగా ఎవరికి తోచినప్పుడు వారు బయలుదేరుతారు, ఎసెక్స్, సఫక్ పల్లెల మీదుగా సుమారు 180 కిలోమీటర్లు తొక్కి మర్నాడు పొద్దున్నే డన్‌విచ్ తీరం చేరతారు. 1990ల తొలినాళ్ల నుంచి ఇది ఇలాగే జరుగుతోంది. రాతలో డబ్ల్యూ ఉన్నా అక్కడివాళ్లు ఆ ఊరిని ‘డనిచ్’ అంటారు. దారి అడగవలసి వస్తే పనికొస్తుందని చెబుతున్నాను.

దూరాన్ని చూసి నువ్వు బెదిరిపోయినట్టు అక్కయ్య మాటల్లో తోచింది. నీ వయసులో 180 కిలోమీటర్లు భయపడవలసిన దూరం కాదు. రెండు మూడు వారాల ముందు ఒక ఆదివారం ఆగుతూ ఆగుతూ 100 కిలోమీటర్లు తొక్కి, మర్నాడు ఆఫీసుకు మామూలుగా వెళ్లగలిగితే ఇదీ తొక్కగలవు. సఫక్ అంతా బల్లపరుపుగా ఉంటుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకు. అక్కడ పెద్ద కొండలు లేవుగానీ, ఎక్కడం దిగడం తెల్లవార్లూ తప్పదు. ఈ దేశంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, మన దారి ఈశాన్యానికి సాగుతుంది. అందువల్ల చాలా ఏళ్లు గాలి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టే ఉంటుంది. ఆ గాలి బలాన్ని నీ బలం అనుకుని, వచ్చిన దారినే సైకిలు మీద తిరిగి వెళదామనే ఆలోచన పొద్దున్న పుడితే వెంటనే చంపేయి.

ప్రమాదం ఉన్నది మొదటి పాతిక కిలోమీటర్లలో. లీ బ్రిడ్జ్ రోడ్డు మీద శనివారం సాయంత్రపు బస్సులు, ఎక్కడపడితే అక్కడ ఆగే టాక్సీలు, ఆ నడుమ ఉత్సాహం పట్టలేక సందుల్లో దూరిపోయే కుర్రవాళ్లు. అక్కడ ఎవరితోనూ పోటీ పడకు, సిగ్నల్ దగ్గర గుంపు దాటిపోయిందని ఎర్రలైటు దాటకు. ఎపింగ్ అడవి పక్కగా ఎక్కేటప్పుడు కూడా మెల్లగానే ఎక్కు. ఆ ఎత్తులో నిన్ను దాటి పోయినవాళ్లలో కొందరు రెండు గంటలు తిరగకుండానే ఏదో ఒక పల్లె పబ్బు ముందు బెంచీ మీద కాళ్లు చాపుకుని కనిపిస్తారు. ఆ పబ్బుల్లో నీళ్లు నింపుకో, పలకరించిన వారితో రెండు మాటలు మాట్లాడు, కానీ బీరు జోలికి పోవద్దు. తాగి అదుపు తప్పి సైకిలు తొక్కడం కూడా ఇక్కడి చట్టం ప్రకారం నేరమే. అది అటుంచి, తెల్లవారుజామున ఎలాగూ ముంచుకొచ్చే నిద్రను అది ఒంటి గంటకే పిలుచుకొస్తుంది.

ఇక దీపాల సంగతి కాస్త విడమరచి రాయాలి. మీ తాతగారి సైకిలుకు వెనుక టైరును ఒరుసుకుంటూ గిర్రున తిరిగే డైనమో ఉండేది. తొక్కినంతసేపు వెలిగేది, ఆగితే ఆరిపోయేది. నీ బ్యాటరీ దీపాల చిక్కు వేరు. నువ్వు ఎంత తొక్కినా, వాటి చార్జింగు అయిపోయిందంటే అక్కడితో సరి. జూలై మధ్యలో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక సూర్యాస్తమయం, తెల్లవారి ఐదు గంటల లోపే సూర్యోదయం అవుతాయి. అంటే అసలైన చీకటి పది నుంచి నాలుగు దాకా, ఆరు గంటలు. పెట్టె మీద రాసిన గొప్ప వెలుగుతో చాలా దీపాలు రెండు మూడు గంటలకు మించి నిలవవు. అందుకని ముందు దీపాన్ని తక్కువ వెలుగులో పెట్టి ఎన్ని గంటలు ఉంటుందో ఇంట్లోనే ఒక రాత్రి వెలిగించి చూసుకో. ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి అదనంగా ఉంచుకో. ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, ఎర్ర రిఫ్లెక్టరు, పెడళ్లకు కాషాయరంగు రిఫ్లెక్టర్లు చీకట్లో ఉండి తీరాలని ఇక్కడి నిబంధన. గుంపులో ఉన్నప్పుడు వెనుక దీపాన్ని మిణుకుమిణుకుమనేలా పెట్టకు. నీ వెనకాల వచ్చేవాడు ఆ మిణుకును గంటల తరబడి కళ్లార్పకుండా చూడాలి. ముందు దీపాన్ని కూడా నేలకు వంచి పెట్టుకో.

పౌర్ణమి కదా, వెన్నెల చాలదా అంటావేమో. మబ్బు లేని ఏడాది వెన్నెల బాగానే ఉంటుంది, అయితే సగం దారి రెండు పక్కలా కంచెల్లా పెరిగిన చెట్ల నడుమ సాగుతుంది, ఆ సందుల్లోకి చంద్రుడు దిగడు. మలుపుల దగ్గర ఎవరో మహానుభావులు జామ్ సీసాల్లో కొవ్వొత్తులు వెలిగించి పెట్టడం ఈ ప్రయాణపు పాత ఆనవాయితీ. చీకట్లో నేలమీద అంత చిన్న వెలుగు కనబడితే మన ఊళ్లో కార్తీకదీపం చూసినట్టే ఉంటుంది. అయినా అవి ప్రతి మలుపులోనూ ఉండవు, ఉన్నవి తెల్లవార్లూ వెలగవు.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. రెండోసారి వెళ్లినప్పుడు సడ్‌బరీ దాటాక, అంటే సుమారు సగం దారి గడిచాక, నేను దారి కాగితం చూసుకోవడం మానేసి ముందు పోయే ఎర్రదీపాల వరుసను పట్టుకున్నాను. దూరంనుంచి చూస్తే ఆ వరుస కొండచిలువలా మెలికలు తిరుగుతూ ఎంతో నమ్మకంగా పోతోంది. అరగంట గడిచాక తారు పోయి మట్టి వచ్చింది, మట్టి పోయి పేడ వాసన వచ్చింది, చివరికి ఇరవై మందిమీ ఒక రైతు దొడ్లో గడ్డిమోపుల ముందు ఆగి నిలబడ్డాం. కుక్క అదేపనిగా మొరుగుతోంది. అందరికంటే ముందున్న పెద్దమనిషిని దారి తెలియదా అని అడిగితే, వెనుక ఇంతమంది వస్తున్నారు కదా, సరైన దారే అనుకున్నానన్నాడు. మేమేమో అతన్ని చూసి సరైన దారి అనుకున్నాం. ఆ రాత్రి మాకు పది పన్నెండు కిలోమీటర్లు అదనంగా పడ్డాయి. అందుచేత దారిని ముందే ఫోన్‌లోకి దింపుకో, సిగ్నల్ లేకపోయినా తెరుచుకునేలా చూసుకో, పవర్ బ్యాంకు వెంట ఉంచుకో. వీటన్నిటితో పాటు గ్రేట్ డన్మో, ఫించింగ్‌ఫీల్డ్, సడ్‌బరీ, నీడమ్ మార్కెట్, ఫ్రామ్లింగమ్, పీజన్‌హాల్ అని ఊళ్ల పేర్లు వరుసగా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. ఎంత పెద్ద గుంపు ఒక పక్కకు తిరిగినా, నీ కాగితం మరో పక్కకు చెబుతుంటే ఆగి చూసుకో. వేగం విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది. నీకంటే కొంచెం వేగంగా పోయే గుంపును పట్టుకుని గంటసేపు పోవడం బాగానే ఉంటుంది, దాని బాకీ తెల్లవారుజామున మూడు గంటలకు తీర్చవలసి వస్తుంది.

ఆ మూడు గంటల సమయం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. రెండున్నరకు మొదలై నాలుగింటి దాకా ఒంట్లో వేడి తగ్గిపోతుంది, తిండి సయించదు, గుంపు పలచబడి ఒక్కోసారి కనుచూపు మేర ఒక్క దీపమైనా ఉండదు. పగలు ఎండ కాసినా సరే, పల్లపు నేలల్లో పొగమంచు పట్టి పదీ పన్నెండు డిగ్రీలకు పడిపోవచ్చు. చెమటతో తడిసిన చొక్కా మీద ఆ చలి తగిలితే పళ్లు టకటకలాడతాయి. పలుచని గాలికోటు, నిండు వేళ్ల చేతితొడుగులు, ఒక పొడి బనియను సంచిలో ఉండాలి. ఎక్కడ ఆగినా పావుగంట మించి కూర్చోకు, దిగే ముందే కోటు వేసుకో. నిజంగా కళ్లు మూసుకుపోతుంటే మొండికి పోవద్దు. రోడ్డుకు బాగా దూరంగా జరిగి, ఫోన్‌లో అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకో. బస్టాపు గూళ్లలో, చర్చి ప్రాంగణాల్లో అలా ఒరిగిన వాళ్లు నీకు చాలామందే కనిపిస్తారు. ఇవన్నీ తగ్గాలంటే శుక్రవారం రాత్రి నిండుగా నిద్రపోవాలి, శనివారం మధ్యాహ్నం కూడా రెండు గంటలు కునుకు తీయాలి.

తిండి ఆకలి వేశాక తినేది కాదు, గంటకోసారి కొంచెం తినేది. దారిలో కొన్ని ఏళ్లు గ్రామ సమావేశ మందిరాల్లో వేడి తిండి అమ్ముతారు, కానీ అక్కడ వరుస చూస్తే మన తిరుపతి క్యూ గుర్తొస్తుంది. నా అనుభవంలో పులిహోరను మించిన సైకిలు తిండి లేదు. ఉప్పు, పులుపు, నూనె, అన్నం అన్నీ ఒకేచోట ఉంటాయి, తెల్లవారినా పాడవదు, తీపి బార్లు తిని తిని నోరు చచ్చిపోయిన వేళ ఎండుమిరపకాయ కొరికితే ప్రాణం లేచొస్తుంది. అరచేతిలో పట్టే ముద్దలుగా చేసి విడివిడిగా రేకు కాగితంలో చుట్టుకో, ఒంటి చేత్తో విప్పగలగాలి. చుట్టిన కాగితాలు మళ్లీ నీ జేబులోకే రావాలి. మనం పోయే ఊళ్లలో జనం నిద్రపోతుంటారు. అక్కడ కేకలు, పాటలు వద్దు, గుంత కనబడితే మాత్రం వెనుకవాడికి వినబడేలా చెప్పు, కారు వచ్చినప్పుడు ఒకరి వెనుక ఒకరు కండి.

పంచరు పడుతుందనే అనుకుని బయలుదేరు. రెండు ట్యూబులు, టైరు లివర్లు, పంపు, ప్యాచీలు, అలెన్ కీల కట్ట చాలు. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి వైపంతా వేలితో మెల్లగా తడిమి చూడు. రాలిపడ్డ చెకుముకి రాళ్ల ముక్క గోరంత కూడా ఉండదు, దాన్ని తీయకుండా వేస్తే రెండో ట్యూబూ పోతుంది. ఎవరైనా రోడ్డు పక్కన చక్రం విప్పుకుని కూర్చుంటే, ‘అన్నీ ఉన్నాయా’ అని అడగకుండా దాటిపోకు. ఇక్కడ ఒకరికొకరే దిక్కు.

చివరికి చేరబోయే ఊరిని గురించి పెద్ద ఊహలు పెట్టుకోవద్దు. డన్‌విచ్ ఒకప్పుడు పెద్ద రేవు పట్టణం. 1286 నాటి తుఫాను, ఆ తర్వాతివి, దాన్ని కొంచెం కొంచెంగా సముద్రంలో కలిపేశాయి. ఊరు దాదాపు లేకుండా పోయినా 1832 దాకా పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపుతూనే ఉంది. చివరి పాత చర్చి శిఖరం 1919లో కొండచరియ మీంచి జారిపోయింది. నీటి అడుగున చర్చి గంటలు మోగుతాయని అక్కడి జనం చెప్పుకుంటారు. ఉప్పాడలో ఏటా ఇంకో వరుస ఇళ్లు పోవడం చూసిన వాళ్లం కనుక, మనకు ఆ కథ కొత్తేమీ కాదు. ఇప్పుడక్కడ ఉన్నది గులకరాళ్ల ఒడ్డు, కార్లు ఆపే స్థలం, ఒక టీ దుకాణం, దాని ముందు చాంతాడంత వరుస. నీళ్లలోకి దిగితే మోకాలి లోతులోనే ఉండు, ఆ ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, నీవేమో రాత్రంతా అలసిన కాళ్లు.

తిరుగు ప్రయాణం ఇప్పుడే ఏర్పాటు చేసుకోవాలి, దీన్ని వాయిదా వేసినవాళ్లే ఒడ్డున తల పట్టుకు కూర్చుంటారు. డన్‌విచ్‌కు రైలు లేదు. దగ్గరలోని డార్షమ్ చిన్న స్టేషను, అక్కడ ఆగే రైళ్లలో ఎక్కించుకునే సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇప్స్‌విచ్ నుంచి రైళ్లు ఎక్కువేగానీ అక్కడికి మరో 50 కిలోమీటర్ల దాకా తొక్కాలి. ఆదివారాల్లో పట్టాల మరమ్మతులని రైళ్లకు బదులు బస్సులు వేస్తే వాటిలో మామూలుగా సైకిలును ఎక్కనివ్వరు. సదర్క్ సైక్లిస్ట్స్ సంఘం వారు ఎన్నో ఏళ్లు మనుషులకు కోచీలు, సైకిళ్లకు లారీ ఏర్పాటు చేశారు. ఈ ఏడు ఎవరు నడుపుతున్నారో కనుక్కుని వెంటనే టికెట్టు కొను, అవి ముందుగానే అయిపోతాయి. లారీలో సైకిళ్లు ఒకదాని మీద ఒకటి ఆనించి పేరుస్తారు గనుక ఒక పాత దుప్పటి ముక్క తెచ్చుకుని ఫ్రేముకు చుట్టు.

బయలుదేరే ముందు శుక్రవారం ఆఫీసు అయ్యాక సైకిలుతో మా ఇంటికి రా. గరాజులో లైటు ఆర్పేసి వెనుక చక్రం నీ చేత విప్పించి, ట్యూబు మార్పించి, బిగింపిస్తాను. పదిహేను నిమిషాల్లో అయితే సరే, కాకపోతే మళ్లీ విప్పుదువుగాని. నా పాత ఎర్రదీపం కూడా తీసుకుపో. అత్తయ్య పులిహోర తక్కువ కారంతో చేయాలా అని అడుగుతోంది, ఆ సంగతి గురువారం లోపు చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ